బాపుకు సోరియాసిస్, ఐఎల్-17 ఇంజెక్షన్ అంటుండ్రు, టీబీ టెస్ట్ ఎందుకు?

పరకాల పోరడు:
బాపుకు ఆరేండ్ల సంది సోరియాసిస్ ఉంది, పొద్దున లేస్తే పక్కబట్ట మీద తవుడు పోసినట్టే పొట్టు. ఊళ్లె అందరు రక్తం చెడిపోయింది అంటరు, మా మేనత్త అయితే బాపు తాగే గ్లాసు పక్కకు పెట్టింది. మెథోట్రెక్సేట్ అనే మందు వారానికొకసారి వేసుకునేటోడు, లివర్ టెస్టుల తేడా వచ్చిందని ఆపిచ్చిండ్రు. ఇప్పుడు హన్మకొండల స్కిన్ డాక్టర్ ఐఎల్-17 ఆపే ఇంజెక్షన్ అన్నడు, ముందుగాల టీబీ టెస్ట్ రాసిండు. తోలు బీమారికి టీబీ టెస్ట్ ఏంది, సమజైతలేదు.

ల్యాబ్ కోట్:
రక్తం చెడుడు ఏం లేదు తమ్మీ, అంటుకునేది అసలే కాదు, ముందు ఆ గ్లాసు సంగతి చూడు. ఒంట్ల రోగాలతోని కొట్లాడే ఇమ్యూన్ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లు ఉంటయి, సైటోకైన్లు అంటరు. ఐఎల్-23, ఐఎల్-17 గూడ అసోంటియే. సోరియాసిస్‌ల ఐఎల్-23 పోయి టీహెచ్17 అనే ఇమ్యూన్ కణాలను ఎగదోస్తది, అవి ఐఎల్-17 వదుల్తయి, అది తగిలితే చర్మం కణాలు ఆగకుంట పెరుగుతయి. మామూలుగైతే కణం అడుగు నుంచి పైకొచ్చి రాలేటందుకు దగ్గర దగ్గర నెల పడ్తది, ఇక్కడ నాలుగైదు రోజులల్లనే పచ్చిగనే పైకొస్తది, మీ బాపు పక్కబట్ట మీద పడేది అదే. పైంగ ఆ చర్మం కణాలే మళ్ల ఇమ్యూన్ కణాలను పిలుస్తయి, ఊళ్లె కొట్లాటల వీడు వాన్ని, వాడు ఇంకొకన్ని పిలిచినట్టు. సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్ ఐఎల్-17ను పట్టుకుంటది, కబురు అక్కడ్నే తెగుతది. అమెరికాల 2015ల పర్మిషన్ వచ్చిన మందు అది.
టీబీ సంగతి అంటవా, ఒంట్ల నిద్రపోయే టీబీ క్రిమిని కట్టేసి ఉంచేదాంట్ల టీఎన్ఎఫ్ అనే సిగ్నల్ ముఖ్యం. దాన్ని ఆపే అడాలిముమాబ్ లాంటి మందులతోని టీబీ లేచే భయం ఎక్కువ, ఐఎల్-17 మందులతోని తక్కువనే గని మన దగ్గర టీబీ మస్తు కాబట్టి చూడకుంట ఇయ్యరు.

మిర్చి యార్డు:
నేను ఎనుమాముల మార్కెట్ల పని చేస్త. ఒక ఆర్ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ గోలీలు తింటే పదిరోజులల్ల ఒళ్లు అద్దం లెక్క అయింది, ఖుషీల ఒక్కసారే ఆపేసిన, ఒళ్లంత చీము పొక్కులు, జ్వరం, దవాఖానల పడ్డ. మీ బాపు అసోంటివి తింటే డాక్టర్‌కు దాయొద్దు. ఇప్పుడు నాది గూడ ఐఎల్-17 సూదే, మోచేతులు సాఫ్ అయినయి, కాలిపిక్క మీద ఒక్క మచ్చ మాత్రం మొండిగ ఉంది. నోట్ల తెల్లపూత వచ్చింది ఒకసారి, ఈ సూదితోని అట్ల వస్తదట, మందిస్తే పోయింది.

ల్యాబ్ కోట్:
ఇంకొకటి, పొద్దుపొద్దుగాల వేళ్లు పట్టేస్తయా, వాస్తయా? అదే గొడవ కీళ్లకు గూడ పోతది.

పరకాల పోరడు:
పొద్దున లుంగి ముడి వేసుకునేటందుకే కష్టమైతది అన్నా, వయసుకొద్ది అనుకున్న. సోమవారం పోయినప్పుడు చెప్త. అత్తకు మీ జవాబు చదివి వినిపించిన, అంత విని ఊఁ అన్నది, గ్లాసైతే ఇంక పక్కకే ఉంది.