ప్రజల ఓటు లేకుండా జాతీయ పతాకాన్ని మార్చవచ్చా?

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
జాతీయ పతాకం ప్రభుత్వాల సొత్తు కాదు కాబట్టి, దాన్ని మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరిగా జరగాలని నా వాదన. ఆఫ్రికా దేశమైన మలావీలో 2010లో బింగు వా ముథారికా ప్రభుత్వం, దేశం అభివృద్ధి బాట పట్టిందంటూ, పతాకంపై ఉదయిస్తున్న సూర్యుణ్ని తొలగించి నిండు సూర్యుణ్ని చేర్చింది. ఆయన 2012 ఏప్రిల్‌లో మరణించారు. మరుసటి నెలలోనే పార్లమెంటు పాత పతాకాన్ని పునరుద్ధరించింది.

మొదటి జవాబు:
మలావీ ఉదాహరణ సరైనదే, కానీ దాని నుంచి మీరు తీసిన సూత్రంతో ఏకీభవించలేను. కెనడాలో ప్రజల ఓటు జరగలేదు. అక్కడి పాత జెండా రెడ్ ఎన్‌సైన్ మూలలో బ్రిటిష్ జెండా ఉండటం వల్ల ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ వాసుల్లో చాలామంది దాన్ని తమదిగా భావించలేకపోయారు. ప్రధాని లెస్టర్ పియర్సన్ కొత్త పతాకాన్ని ప్రతిపాదించినప్పుడు, ప్రతిపక్ష నాయకుడు డీఫెన్‌బేకర్ నెలల తరబడి ప్రతిఘటించారు. చివరికి 1964 డిసెంబరులో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ 163–78 ఓట్లతో ఆమోదించడంతో, 1965 ఫిబ్రవరి 15న మేపుల్ ఆకు జెండా ఎగిరింది. న్యూజిలాండ్‌లో మాత్రం మీరు కోరినట్టే రెండు విడతల ఓటింగ్ జరిగింది. 2016 మార్చిలో 56.6 శాతం మంది పాత జెండానే ఎంచుకున్నారు. పాత గుర్తు కింద నిలబడలేని వారు దేశంలో ఉన్నారా అన్నదే, నా దృష్టిలో, ఓటు కంటే ముందు అడగవలసిన ప్రశ్న.

రెండవ జవాబు:
ఆ ప్రశ్నకు అవునని జవాబు వచ్చినా సమస్య తీరదు. బోస్నియాలో పార్టీలు ఒప్పందానికి రాలేక, 1998లో యుద్ధానంతర శాంతి ఒప్పందం అమలును పర్యవేక్షించే అంతర్జాతీయ ప్రతినిధి కార్లోస్ వెస్టెన్‌డార్ప్ పతాకాన్ని నిర్ణయించవలసి వచ్చింది. అది నేటికీ అధికారిక పతాకమే అయినా, సెర్బులు అధికంగా ఉన్న ప్రాంతంలో వారి సొంత జెండాకు దక్కే ఆదరణ దానికి దక్కలేదు.

చర్చ ప్రారంభించిన సభ్యురాలు:
కెనడా విషయంలో నా వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను. అయితే దక్షిణాఫ్రికా అనుసరించిన పద్ధతిని కూడా చూడండి. అక్కడ వర్ణవివక్ష పాలన ముగిసే సమయంలో కొత్త జెండా కోసం ప్రజల నుంచి వచ్చిన ఏడు వేలకు పైగా నమూనాల్లో ఏదీ కుదరకపోవడంతో, ప్రభుత్వ చిహ్నాల అధికారి ఫ్రెడరిక్ బ్రౌనెల్ రూపొందించిన జెండాను 1994 ఏప్రిల్ 27న తాత్కాలికంగానే ఎగురవేశారు. దాన్ని వదిలేసే వీలు అందరికీ తెలిసే ఉంది. అయినా అక్కడే జరిగిన 1995 రగ్బీ ప్రపంచ కప్ నాటికి మైదానంలో జనం చేతుల్లో ఆ జెండాయే కనిపించింది. శాశ్వత రాజ్యాంగంలోకి అది ఆ తరువాతే, 1996లో చేరింది.