వెలిగొండల పాదాన వసంతంలో నీటిరంగులు: ఎక్కడ కూర్చోవాలి, ఏ వేళకు మొదలుపెట్టాలి?

రంగులడబ్బా (నెల్లూరు):
అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా ఇంట్లోనే, ఎక్కువగా ఫోటోలు చూసి, నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు వేస్తున్నాను. ఉగాదికి ముందు వచ్చే శని, ఆదివారాల్లో నలుగురు మిత్రులం కలిసి వెలిగొండల పాదాన కూర్చుని, నేరుగా చూసి వేయాలని అనుకుంటున్నాము. నిరుడు ఇదే పని చేయబోయి భంగపడ్డాము. ఉదయగిరి దారిలో ఒక చింతచెట్టు చూసుకుని పదకొండు గంటలకు మొదలుపెడితే, ఆకాశానికి నీళ్లు పూసి నీలం కలుపుకునే లోపే కాగితం ఆరిపోయి, రంగు చారలు చారలుగా నిలబడిపోయింది. అక్కడ చక్కగా వెలుగుతున్నట్టు కనిపించిన బొమ్మ ఇంటికి తెచ్చి గోడకు ఆనించి చూస్తే మసిబారినట్టు ఉంది. పచ్చటి కొండ మీద నేను వేసిన మోదుగ చెట్టయితే అచ్చం క్యాలెండర్ బొమ్మే. ఉదయగిరి, పెంచలకోన, భైరవకోనలలో మా వంటి వారికి ఏది అనుకూలమో, ఈ పొరపాట్లు ఎలా దిద్దుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కొండనీడ (ఉదయగిరి):
అయ్యా, మీ ఇబ్బందిలో సగానికి కారణం కాగితం కాదు, మీరు ఎంచుకున్న వేళ. వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగి మనకు పడమటి గోడలా నిలబడి ఉన్నాయి కాబట్టి, నెల్లూరు వైపు నుంచి వెళ్లినవారు ఎక్కడ కూర్చున్నా చూసేది కొండ తూర్పు ముఖాన్నే. పొద్దు పొడిచింది మొదలు తొమ్మిది దాకా ఎండ మీ వీపు మీదుగా వెళ్లి కొండ మీద పడుతుంది. సూర్యుడు పైకి వచ్చే కొద్దీ కాస్త దక్షిణానికి వాలతాడు గనుక, తూర్పుకు చాచుకున్న ప్రతి గుట్టకూ ఉత్తరపు పక్కన సన్నని నీడ ఏర్పడుతుంది. కొండకు ఎత్తుపల్లాలు ఉన్నాయని కంటికి చెప్పేవి ఆ నీడలే. ఎండ నెత్తి మీదకు వచ్చేసరికి అవి చెరిగిపోయి, కొండ వెలిసిపోయిన గుడ్డలా కనిపిస్తుంది. మీరు సరిగ్గా అప్పుడు మొదలుపెట్టారు.

సాయంత్రం నాలుగు దాటాక ఆ ముఖమంతా నీడలో మునిగి ఒకే నీలి ముద్ద అవుతుంది. నేను డ్రాయింగ్ నేర్పే పిల్లలను ఆ వేళకే తీసుకువెళ్తాను, ఎందుకంటే చెట్లూ చేమలూ లెక్కపెట్టే పని లేకుండా కొండ అంచు ఒక్కటి సరిగా పట్టుకుంటే బొమ్మ నిలబడుతుంది. ఉదయం అయితే రెండు గంటలకు మించి ఒకే బొమ్మ మీద కూర్చోవద్దు, ముందుగా నీడలను పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, అవి జరిగినా మీరు జరపకుండా ఉండండి.

మా ఊరి దుర్గం కొండ 3,000 అడుగులు దాటినది, దాని మీద 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట. కొత్తవారు చరిత్ర మీది మమకారంతో బురుజు బురుజూ గీస్తారు. దూరం నుంచి చూస్తే ఆ గోడ రాతి రంగులోనే కలిసిపోయి, ఒక చోట తెగి ఒక చోట తేలే గీతలా ఉంటుంది, అలాగే వేయండి.

బలపం (మార్కాపురం):
వేళ గురించి మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. మసిబారడానికి కారణం వేరే. మీ కాగితం మీద చెట్టు సందుల్లోంచి నేరుగా ఎండ పడి ఉంటుంది. ఎండలో తెల్ల కాగితం కళ్లు చెదిరేలా మెరుస్తుంది, దానిని అణచడానికి చేయి తెలియకుండానే ముదురు రంగులు వేస్తుంది, ఆ ముదురు రంగు కూడా ఎండలో లేతగానే కనిపిస్తుంది. ఇంటి వెలుతురులో అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి కాగితమూ రంగుల పళ్లెమూ రెండూ పూర్తిగా నీడలో ఉండాలి, నల్లద్దాలు పెట్టుకుని రంగులు కలపకూడదు.

మా ఊరు పలకలకు పేరుపొందినది కదా, నేను రంగుల సంచీలో ఒక చిన్న రాతి పలక, బలపం పెట్టుకుని వెళ్తాను. రంగు ముట్టుకునే ముందు పలక మీద అరచేయంత బొమ్మ గీస్తాను: పలక నలుపే నీడ, బలపం తెలుపే వెలుగు, తడి వేలితో రుద్దితే వచ్చే బూడిద రంగు మధ్యస్థం. ఆ మూడింటితో బొమ్మ కుదరకపోతే ముప్పై రంగులున్నా కుదరదు. తుడిచి మళ్లీ గీయడానికి ఖర్చు లేదు.

మోదుగ సంగతి. మన కొండలు ఆ నెలలో పచ్చగా ఉండవు, మీరు కొండకు పచ్చరంగు వేశారంటే ఫోటోల అలవాటు చేత వేశారు. చాలా చెట్లు ఆకు రాల్చి నిలబడి ఉంటాయి, దూరానికి కొండ ఊదా కలిసిన బూడిద రంగు. కోబాల్ట్ నీలంలో రవ్వంత లైట్ రెడ్ (ఆ పేరుతో దొరికే ఇటుక ఎరుపు) కలిపితే దగ్గరగా వస్తుంది. వేప చిగురు కూడా మొదట రాగి రంగులోనే ఉంటుంది. ఇక ఒక మోదుగ పువ్వును కోసి చూడండి: రేకులు చిలక ముక్కులా వంగి ఉంటాయి, తొడిమె దగ్గర గిన్నె మాత్రం కాఫీ గింజ రంగులో ముఖమల్‌లా ఉంటుంది. ఆ ముదురు రంగు కొమ్మల వెంబడి ముందుగా వేసి, దాని పక్కన నారింజ రంగును కొద్దిగా వదిలితే పువ్వు మండుతుంది. నారింజ ఒక్కటే వేస్తే చుక్కలే మిగులుతాయి.

పెన్నఒడ్డు (ఆత్మకూరు):
కాగితం ఆరిపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. దామెర్ల రామారావు (1897–1925) నీటిరంగుల దృశ్యాలను రాజమహేంద్రవరం గ్యాలరీలో చూసి వచ్చి, అలాగే తడి మీద తడి, అంటే తడి ఆరని కాగితం మీద రంగు, వేయాలని నేనూ చాలా కాగితాలు పాడుచేశాను. గోదావరి గట్టు మీది గాలి వేరు, మన మెట్ట గాలి వేరు. 300 జి.ఎస్.ఎమ్. (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి, అక్రిలిక్ పలక మీద పరిస్తే, కింది తడి పైకి వస్తూ పది, పదిహేను నిమిషాలు పని చేయనిస్తుంది. అట్టకు టేపు అంటించిన పొడి కాగితం మీద ఆ సౌకర్యం లేదు. కొందరు గ్లిజరిన్ చుక్క కలపమంటారు గానీ, ఎక్కువైతే బొమ్మ రోజంతా జిగటగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది, నాకు నచ్చలేదు.

చోటు విషయానికి వస్తే, నా ఓటు పెంచలకోన దారికి. రాపూరు దాటిన తరువాత కొండ పాదాన నిమ్మ తోటల ముదురు ఆకుపచ్చ పట్టీ, దాని ముందు ఎర్ర నేల, వెనుక బూడిద కొండ, ఇలా మూడు పొరలు ఒకే చూపులో దొరుకుతాయి. కోనలోకి వెళ్తే పెనుశిల నరసింహ అభయారణ్యం మొదలవుతుంది, కాబట్టి అటవీ సిబ్బందిని అడగకుండా దారి వదిలి లోపలికి పోవద్దు, పొయ్యి అసలే పెట్టవద్దు. శనివారం గుడికి జనం వస్తారు గనుక కోనను ఆదివారం ఉదయానికి ఉంచుకోండి. భైరవకోన ఎనిమిది గుహాలయాలతో అందమైనదే, అయితే అక్కడ రాయి దగ్గరగా ఉంటుంది, దూరపు కొండ వేయాలనుకునే మీకు మొదటిసారికి సరిపోదు.

రంగులడబ్బా (నెల్లూరు):
అందరికీ కృతజ్ఞతలు. శనివారం సాయంత్రం ఉదయగిరి, ఆదివారం తెల్లవారేసరికి రాపూరు వైపు అని నిర్ణయించుకున్నాము. రాతి పలక ఒకటి సంపాదించాను. నీడకు మా ఇంట్లో ఎర్ర పూల గొడుగు ఉంది, అది సరిపోతుందా?

కొండనీడ (ఉదయగిరి):
సరిపోదు. దాని ఎరుపు కాగితం మీద పడి, మీరు కలిపిన ప్రతి బూడిద రంగునూ అబద్ధం చేస్తుంది. నల్ల గొడుగు తీసుకురండి, కర్రకు కట్టడానికి తాడు కూడా తెచ్చుకోండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఊరు చేరితే, కొండ నీడలోకి వెళ్లేలోపు మంచి చోటు నేనే చూపిస్తాను.