సమస్యాపూరణం: తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

నిర్వాహకులు: ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. మిగిలిన మూడు పాదాలూ మీవి. విషయం 'పిక్సెల్' (తెర మీద బొమ్మను కూర్చే అతిచిన్న చుక్క) అనే మాట పుట్టుక, దాని దేశాటన.

తెలియనివారికి కొంచెం నేపథ్యం. అచ్చులో ఈ మాట మొదట కనిపించేది 1965లో, అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన ఫ్రెడ్ బిల్లింగ్స్‌లీ పత్రాల్లో. రేంజర్ నౌకలు చంద్రుడి నుంచి, మారినర్ నౌక కుజుడి నుంచి పంపిన బొమ్మలను కంప్యూటర్‌తో శుభ్రపరిచే పని గురించి ఆయన రాశారు. అయితే మాట ఆయన సృష్టి కాదు. పాలో ఆల్టోలో జనరల్ ప్రెసిషన్ సంస్థ లింక్ విభాగంలో పనిచేసిన కీత్ మెక్‌ఫార్లండ్ దగ్గర విన్నారు. మెక్‌ఫార్లండ్‌ను అడిగితే ఆయనా తనది కాదన్నారు. 1963 ప్రాంతానికే అది వాడుకలో ఉందని చెప్పారు. ఇంత ప్రసిద్ధమైన మాటకు కర్తనని చెప్పుకొనేవారు లేకపోవడం నన్ను ఎంతో ఆకట్టుకుంది. సమస్య అలా వచ్చింది.

తెనాలి సభ్యులు:

చందమామ, కుజగ్రహ జాడ దెలుప
సభకు నర్పించు పత్రాన జగతి కిచ్చె
కన్నవారెవ రన్నచో కానరాదు
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

నిర్వాహకులు: మూడో పాదం సమస్యకు చక్కగా అతికింది. రెండు లోపాలున్నాయి. 'కుజగ్రహ జాడ' దుష్టసమాసం: సంస్కృత పదం మీద తెలుగు 'జాడ'ను సమాసం చేయకూడదు. రెండో పాదంలో 'ఇచ్చె' అన్నారు, ఎవరు ఇచ్చారో, ఏమి ఇచ్చారో లేదు. ఇలా సవరించి చూడండి:

చందమామవి, కుజునివి ఛాయ లరసి
సభకు నొక్కరు పత్రాన చాటినారు

తెనాలి సభ్యులు: సవరణకు ధన్యవాదాలు, గురువు గారూ. అలాగే మార్చుకుంటాను.

వరంగల్ సభ్యురాలు: నాకు మొదటి పాదం మాత్రమే కుదిరింది. 'పిక్సు, నెలిమెంటు రెండును జోడు కలిసి'. సరేనా?

నిర్వాహకులు: గణాలు సరిపోయాయి, యతి తప్పింది. 'పి'కి 'జో' చెల్లదు. 'పిక్సు, నెలిమెంటు రెండును బెనగి కలిసి' అంటే పి-బె యతి కుదురుతుంది, అర్థమూ చెడదు. విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నారమ్మా. పిక్చర్లు అనడానికి 'పిక్స్' అనే పొట్టి రూపం 1932 నాటికే 'వెరైటీ' సినిమా పత్రిక శీర్షికల్లో ఉంది. కొద్ది ఏళ్లకే పత్రికా ఫొటోగ్రాఫర్లు మామూలు ఫొటోలకూ అదే వాడారు. దానికి 'ఎలిమెంట్' తొలి భాగం కలిసి పిక్సెల్ అయింది. అదే కలయిక నుంచి 'పెల్' అనే పోటీ మాట కూడా వచ్చింది. ఐబీఎం వారు చాలాకాలం దాన్నే వాడారు. మిగిలిన రెండు పాదాలూ పూర్తి చేసి పంపండి.

విజయనగరం సభ్యులు: పదము అంటే మాట, అడుగు కూడా. ఆ శ్లేషతో ఒక ప్రయత్నం.

మూడు రంగుల చుక్కయై మొదట బుట్టి
వామనుని వోలె నడుగిడి వసుధ నిండె,
కుఱుచ రూపము దాల్చియు గొలువు దీరె
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

డాలస్ సభ్యులు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వామనుడి మూడడుగులు కావడం అందంగా ఉంది. కానీ 'మొదట బుట్టి' దగ్గర చరిత్ర ఒప్పుకోదు. ఈ మాట అచ్చెక్కిన 1965లో మారినర్ 4 పంపిన కుజుడి బొమ్మల్లో రంగులే లేవు. ఒక్కో బొమ్మకు 200 వరసలు, వరసకు 200 చుక్కలు, చుక్కకు నలుపు నుంచి తెలుపు దాకా 64 మెట్లు. సెకనుకు ఎనిమిది బిట్ల చొప్పున వచ్చేది గనుక ఒక్క బొమ్మ దిగడానికి ఎనిమిది గంటలు పట్టింది. అంతసేపు ఆగలేక జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు అంకెలు అచ్చయి వస్తున్న కాగితపు పట్టీలను గోడకు పక్కపక్కనే అతికించారు. ఏ అంకెకు ఏ రంగో నిర్ణయించుకొని పాస్టెల్ సుద్దలతో చేత్తోనే నింపారు. గోధుమ, పసుపు, ఎరుపు ఛాయల ఆ పటం ఇప్పటికీ ఆ లేబొరేటరీలో భద్రంగా ఉంది. కాబట్టి రంగు తరువాత వచ్చింది, అదీ మనిషి చేతి నుంచి.

చెన్నై సభ్యులు: నాది మరో సందేహం. వామనుడికి కశ్యపుడు తండ్రి కదా. 'తండ్రి లేనట్టి' అన్న సమస్యలో ఆ పోలిక ఎలా నిలుస్తుంది?

విజయనగరం సభ్యులు: నేను అడుగు వరకే పోల్చాను. తండ్రి వరకు ఆలోచించలేదు.

నిర్వాహకులు: ఉపమానం అన్ని ధర్మాల్లోనూ సరిపోనక్కరలేదు, నిజమే. అయితే ఇక్కడ సమస్య ముడి పడినది తండ్రి దగ్గరే, అందువల్ల చెన్నై మిత్రుల ఆక్షేపణ గట్టిది. దాన్ని తొలగించే బదులు పద్యంలోకే తీసుకొస్తే?

మూడు వన్నెల వెలుగుల ముద్ద యగుచు
గుఱుచ రూపాన నడుగిడి కొలువు దీరె;
వామనునకైన జనకుండు వసుధ గలడు,
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల!

'మొదట' పోయింది గనుక డాలస్ మిత్రుల అభ్యంతరమూ తీరింది.

విజయనగరం సభ్యులు: ఆక్షేపణే అలంకారమైంది. నమస్సులు.

బెంగళూరు సభ్యురాలు:

చిత్రబిందువు జర్మను సీమ నాడు,
పటపు మూలము చైనాకు, బాగు బాగు;
పిక్సె లని గాని జనులెల్ల బిలువరైరి
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

నిర్వాహకులు: చి-సీ, ప-బా, పి-బి, యతులన్నీ నిర్దుష్టం. 'బాగు బాగు' వ్యర్థపదం, గణాలు నింపడానికే వచ్చింది. మొదటి పాదంలో టెలివిజన్ తొలినాళ్ల జర్మన్ మాట 'బిల్డ్‌పుంక్ట్'ను చక్కగా తెనిగించారు.

డాలస్ సభ్యులు: మూడో పాదాన్ని నేను ఒప్పుకోలేను. 'జనులెల్ల' పిక్సెల్ అనరు. జపాన్‌లో కెమెరా కొనేవారు ఇన్ని పదివేల 'గసో' అని అడుగుతారు. ఆ మాటను రాసే రెండు చైనా అక్షరాలనే కొరియాలో 'హ్వాసో' అని పలుకుతారు. చైనాలో 'షియాంగ్‌సు': మొదటి అక్షరం బొమ్మ, రెండోది మూలాంశం. ఇవి నిఘంటువులో దాచిన మాటలు కావు, అంగడిలో నడిచేవి. హంగేరియన్లకు 'కేప్‌పోంట్' (బొమ్మచుక్క) ఉంది. ఫిన్నిష్‌లో 'పిక్సెలి', 'కువపిస్తె' రెండూ ఉన్నాయి. స్పానిష్ వారు ధ్వనిని తీసుకొని మొదటి అచ్చు మీద గీత పెట్టి, బహువచనం తమ పద్ధతిలో 'పిక్సెలెస్' చేసుకున్నారు.

బెంగళూరు సభ్యురాలు: అలాగైతే 'ధరణి నెల్ల' అన్న సమస్యే తప్పు కాదా?

నిర్వాహకులు: కాదనుకుంటానమ్మా. మాట రెండు విధాలుగా ప్రయాణం చేస్తుంది. కొన్ని చోట్లకు దాని ధ్వని వెళుతుంది, కొన్ని చోట్లకు దాని అర్థం మాత్రమే వెళ్లి స్థానిక అక్షరాల్లో మళ్లీ పుడుతుంది. చైనాలో, జపాన్‌లో రెండోది జరిగింది. తెలుగులో మొదటిది జరిగింది, పత్రికలైనా ఫోన్ల ప్రకటనలైనా మెగాపిక్సెల్ అనే అంటాయి. రెండూ ఆ పదం ఏలుబడే. మీ మూడో పాదంలో ధ్వని ఒక్కటే గెలిచింది, అందుకే ఆక్షేపణకు చోటు దొరికింది. ఇలా చూడండి:

చిత్రబిందువు జర్మను సీమ నాడు,
పటపు మూలము చైనాకు, భాష భాష
కొక్క రూపాన భావమ్ము కుదురుకొనగ
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

'బాగు బాగు' స్థానంలో 'భాష భాష' నిలిచి, అన్వయం మూడో పాదంలోకి పారింది.

బెంగళూరు సభ్యురాలు: ఇప్పుడు సమస్య మీద నాకు సందేహం లేదు. స్వీకరిస్తున్నాను.

రాజమండ్రి సభ్యులు: ఆలస్యంగా వచ్చాను. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అటు 176, ఇటు 176 గడులు. అప్పటికి అచ్చులో ఈ పేరు లేదు.

బుడుతని మొగము యంత్రాన బొడమె మున్ను
పేరు పిదపను వచ్చిన బిడ్డ వోలె;
చదరముల రాశి నొక్కట జగము జూచె
తండ్రి లేనట్టి పదమేలె ధరణి నెల్ల

నిర్వాహకులు: తండ్రి లేని మాటకు ముందు తండ్రి ఉన్న బిడ్డ ముఖం! సమస్యకు ఎదురుగా ఇంత చక్కటి దృశ్యం నాకు తట్టలేదు. అభినందనలు.

డాలస్ సభ్యులు: 'చదరముల' అనవచ్చా? పిక్సెల్ చిన్న చతురస్రం కాదని, ఒక బిందువు దగ్గర తీసిన నమూనా అని కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు ఆల్వీ రే స్మిత్ 1995లో గట్టిగా వాదించారు. 'బిందువుల రాశి నొక్కట బేర్చి చూపె' అంటే యతీ చెల్లుతుంది.

రాజమండ్రి సభ్యులు: స్మిత్ వాదన సిద్ధాంతం. కిర్ష్ ఆనాడు చేసినది చతురస్రాలే. అలా కోయడం తెలివైన పని కాదని ఆయనే 2010లో విచారించి, ఆకారం మార్చుకోగల పిక్సెళ్లతో అదే ఫొటోను మళ్లీ చేసి చూపారు.

నిర్వాహకులు: పద్యం 1957 గురించి. 'చదరముల' ఉండనివ్వండి. డాలస్ మిత్రుల పాదం కూడా నిర్దుష్టమే, దాన్ని మూడో పాదంగా పెట్టుకొని తమ పూరణ తాము పంపవచ్చు. వరంగల్ సోదరి మిగిలిన పాదాల కోసం ఎదురుచూస్తున్నాను.