వండర్ ఉమన్ మట్టిలో పుట్టిందా, జియస్ కూతురా? ఏ రచయిత రాసిన డయానా మీకు దగ్గర?

బ్రాడీపేట_పాఠకుడు:

పోయిన ఆదివారం పని మీద బెజవాడ వెళ్లి, కాస్త ఖాళీ దొరికితే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర ఆగాను. ఇంజినీరింగ్ గైడ్ల కట్టల మధ్య బ్రయాన్ అజరెల్లో రాసిన వండర్ ఉమన్ కామిక్స్ మొదటి రెండు సంపుటాలు కనపడ్డాయి. అట్టల మూలలు నలిగాయి తప్ప లోపల శుభ్రంగా ఉన్నాయి, బేరం కూడా ఆడలేదు. గుంటూరు రైలు మంగళగిరి దాటేసరికి మొదటిది సగం అయిపోయింది, ఇంటికొచ్చి రాత్రి రెండోది కూడా పూర్తిచేశాను. అప్పట్నుంచీ మనసు బాగోలేదు.

నేను చిన్నప్పుడు చదివింది జార్జ్ పెరెజ్ డయానాని, అంటే ఆయన రాసిన వండర్ ఉమన్‌ని. 1987లో ఆయన కథని మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టాడు, ఆ సంచికలు మా బాబాయి అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. అందులో అమెజాన్లనే వీరవనితల రాణి హిపోలిటా సముద్రం ఒడ్డున మట్టితో పాపని చేస్తుంది, దేవతలు ప్రాణం పోస్తారు. ఈ పాత్రని 1941లో సృష్టించిన విలియం మౌల్టన్ మార్‌స్టన్ చెప్పింది కూడా మట్టి కథే. తండ్రి లేడు, ఒక తల్లి కావాలనుకుంది కాబట్టి పుట్టింది. పార్వతి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ వింటూ పెరిగినవాణ్ణి, నాకు అది పరాయి కథలా ఎప్పుడూ అనిపించలేదు.

అజరెల్లో 2011లో ఏం చేశాడంటే, ఆ మట్టి కథ తల్లి ఆడిన అబద్ధం అన్నాడు. డయానా నిజానికి గ్రీకు దేవతల రాజు జియస్ కూతురట, అతని భార్య హేరా కోపం నుంచి కాపాడటానికి హిపోలిటా అలా చెప్పిందట. తోటి అమెజాన్లు ఆమెని 'మట్టి' అని పిలిచి ఎగతాళి చేస్తుంటారు. రెండో సంపుటంలో ఇంకా ఘోరం, అమెజాన్లు ఓడల మీదికెక్కి మగవాళ్లతో గడిపి వాళ్లని చంపేస్తారు, పుట్టిన మగపిల్లల్ని కమ్మరి దేవుడు హెఫెస్టస్‌కి ఇచ్చి ఆయుధాలు తీసుకుంటారు. ఆ పేజీల దగ్గర పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

పుట్టుక మార్చేస్తే మనిషి అదే మనిషేనా? ఇంకో సంగతి, మా మేనకోడలు తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి మా ఇంటికొచ్చింది. దాని చేతిలో ముందు ఏ డయానాని పెట్టాలి?

ఏలూరురోడ్డు_బెజవాడ:

అన్నా, మీ బాధ నాకు అర్థమైంది, ఆ ఓడల సీను నాకూ మింగుడుపడలేదు. కానీ రెండు సంపుటాలతో ఆపేసి తీర్పు చెప్పకండి. అసలు కథ జోలా అనే అమ్మాయిది. కడుపులో జియస్ బిడ్డ, వెంట హేరా పగ. డయానా సొంత తల్లినే హేరా బొమ్మగా మార్చేసినా, తర్వాత అదే హేరా శక్తులన్నీ పోగొట్టుకుని మామూలు మనిషిగా వచ్చినప్పుడు డయానా తన నీడలోనే చోటిస్తుంది. అంత మనసున్న పిల్లకి తండ్రి ఎవరైతే ఏంటి అనిపించింది నాకు. బొమ్మల సంగతైతే క్లిఫ్ చియాంగ్ గీసిన పాతాళదేవుడు హేడీస్‌ని మర్చిపోలేను, చిన్నపిల్లాడి ఒళ్లు, తల నిండా వెలుగుతున్న కొవ్వొత్తులు, కరిగిన మైనం ముఖం మీదికి జారుతూ ఉంటుంది, కళ్లు కనపడవు.

మేనకోడలికి మాత్రం ఇది ఇప్పుడే వద్దు, ఇంకో మూడేళ్లు ఆగండి.

పట్టాభిపురం_టీచర్:

బ్రాడీపేట గారూ, నేను తెలుగు చెప్తాను కాబట్టి నాకు ఇది కవిత్రయంలా కనిపిస్తుంది. నన్నయ అరణ్యపర్వంలో ఆపితే తిక్కన అక్కడ అందుకోలేదు, విరాటపర్వం నుంచి తన గొంతుతో మొదలుపెట్టాడు. మధ్యలో మిగిలిన ముక్కని ఎర్రన నన్నయ ఒరవడిలో పూర్తిచేశాడు. 2001లో వచ్చిన ఫిల్ హిమెనెజ్ నా దృష్టిలో ఎర్రన లాంటివాడు, గీసే గీతలో కూడా పెరెజ్ మీద భక్తి కనిపిస్తుంది. 2003లో వచ్చిన గ్రెగ్ రుకా తిక్కన దారిలో నడిచాడు.

పుట్టుక కన్నా డయానా చేతిలోని ఆ మాయతాడుని చూడండి, రచయిత ఎవరో దానితోనే తెలిసిపోతుంది. మార్‌స్టన్ కథల్లో ఆ తాడు పడితే చెప్పినట్టు వినాలి, నిజం చెప్పడం అందులో ఒక భాగం మాత్రమే. పెరెజ్ దాన్ని నిజానికి ముడిపెట్టాడు. ఆయన మొదటి కథ చివర్లో ఆరీస్ ప్రపంచాన్ని అణుయుద్ధంలోకి నెట్టబోతాడు. డయానా అతన్ని నరకదు, తాడుతో కట్టేస్తుంది. అందరూ చచ్చిపోతే తనని కొలిచేవాడు ఒక్కడూ మిగలడని ఆ యుద్ధదేవుడికే కనిపిస్తుంది, ఆగిపోతాడు.

ఇప్పుడు 2005లో రుకా రాసిన 219వ సంచిక తీయండి. మాక్స్‌వెల్ లార్డ్ అనే విలన్ సూపర్‌మ్యాన్ బుర్రని ఆడిస్తున్నాడు. డయానా అదే తాడు లార్డ్‌కి చుట్టి, సూపర్‌మ్యాన్‌ని విడిపించడం ఎలా అని అడుగుతుంది. నన్ను చంపాలి అంటాడు. తాడు పడ్డాక అబద్ధం ఆడలేడు కాబట్టి అది నిజం. మెడ విరిచేస్తుంది. ఆ దృశ్యం ప్రపంచమంతా ప్రసారమవుతుంది, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కూడా ఆమెని దూరం పెడతారు. పెరెజ్ చేతిలో నిజం యుద్ధాన్ని ఆపింది, రుకా చేతిలో అదే నిజం చంపక తప్పని స్థితికి తెచ్చింది. ఆ రెండు కథలూ ఒకే వారంలో చదివాను, రెండింటిలోనూ నాకు కనిపించింది ఒక్క మనిషే. పుట్టుక గురించి మీరడిగిన దానికి నా జవాబు ఇదే.

తన కళ్లు తానే పోగొట్టుకున్న సంచిక కూడా రుకాదే. పాముల జుట్టున్న రాక్షసి మెడూసా చూపు పడితే రాయైపోతారు కదా, మెడూసా జుట్టులోని పాము విషాన్నే డయానా తన కళ్లలో పోసుకుని గుడ్డిదై పోరాడుతుంది.

మంగళగిరి_నుంచి:

మెస్నర్-లోబ్స్‌ని ఎవరూ తలుచుకోలేదేంటి? పెరెజ్ తర్వాత 1992 నుంచి ఆయనే రాశాడు. డబ్బులకి ఇబ్బందై డయానా టాకోలు అమ్మే షాపులో పనికి చేరుతుంది, రాకుమారి అయ్యుండి అక్కడ నిలబడి వడ్డిస్తుంది, ఒక్క క్షణం కూడా చిన్నతనంగా అనుకోదు. నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. శక్తులు తీసేసి రాసిన 1968 నాటి డెన్నీ ఓనీల్ కథలు మాత్రం నాకు నచ్చలేదు. స్త్రీవాద రచయిత్రి గ్లోరియా స్టైనమ్ వాళ్లు 1972లో తమ పత్రిక అట్ట మీద పాత డయానాని వేశారు, 1973లో శక్తులు తిరిగొచ్చాయి.

పిల్ల కోసమైతే రుకా 2016లో నికోలా స్కాట్‌తో చేసిన మొదటి ఏడాది కథ ఇవ్వండి. ద్వీపం వదిలి వచ్చిన డయానాకి ఇక్కడి భాష రాదు, ఎవరేమంటున్నారో తెలియదు, బార్బరా ఆన్ మినర్వా అనే పరిశోధకురాలు వచ్చి మాటలు కలిపేదాకా ఒంటరిగా ఉంటుంది. కొత్త స్కూల్లో చేరిన ఏ పిల్లకైనా అది వెంటనే తగులుతుంది. మినర్వా తర్వాత ఏమవుతుందో మాత్రం ముందే చెప్పకండి.

బ్రాడీపేట_పాఠకుడు:

అందరికీ చాలా థాంక్స్. టీచర్ గారూ, తాడు సంగతి నాకు ఇన్నేళ్లలో తట్టలేదండీ. మీరు రాసింది చదివి అటక మీద నుంచి పెరెజ్ సంచికలు దింపాను, ఆరోదానికి వెనక అట్ట ఊడిపోయింది కానీ పేజీలన్నీ ఉన్నాయి. రుకా పుస్తకం ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా ఆగలేక మా మేనకోడలు పక్కన కూర్చుని పెరెజ్‌దే మొదలుపెట్టింది. మట్టితో పాపని చేసే పేజీ దగ్గర చాలాసేపు ఆగింది, అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది, తర్వాత మామయ్యా, వాళ్లమ్మ ఎందుకంత ఏడుస్తోంది అంది. నాకు తెలిసింది చెప్పాను. బెజవాడ తమ్ముడూ, అజరెల్లో మూడో సంపుటం నీ దగ్గరుంటే ఆదివారం వచ్చి తీసుకుంటాను, హేరా కథ చదవాలి.