నోయర్ లైటింగ్: బ్లైండ్స్ నీడ గోడమీద అలుక్కుపోతోంది

ప్రశ్న: 1940ల హాలీవుడ్ నోయర్ (చీకటి నీడలు నిండిన నేరకథా చిత్రాల) తరహాలో నలుపు-తెలుపు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. డిటెక్టివ్, మాయలాడి, విలన్, మూడే పాత్రలు. సాఫ్ట్‌బాక్స్ (లైటుకు తొడిగి వెలుగును మెత్తబరిచే గుడ్డపెట్టె) వాడితే కిటికీ బ్లైండ్స్ నీడ చారలుగా రావట్లేదు. ముగ్గురికీ లైటు ఎలా పెట్టాలి?

జవాబు 1: సాఫ్ట్‌బాక్సే కారణమండి. కాంతి వచ్చే ముఖం పెద్దదైన కొద్దీ నీడ అంచు మెత్తబడుతుంది. సీఓబీ ఎల్ఈడీకి (చిన్న బిందువులాంటి చోటునుంచే వెలిగే ఎల్ఈడీ లైటు) రిఫ్లెక్టర్ కూడా తీసేసి 4-5 మీటర్ల దూరంలో పెట్టండి, బ్లైండ్స్‌ని గోడకు మీటరు లోపు తెండి. ఫ్రెనెల్ (ముందు గాజు కటకం ఉన్న లైటు) అయితే స్పాట్‌లో (వెలుగును ఇరుకు చేసి) కాదు, పూర్తి ఫ్లడ్‌లో (వెడల్పుగా పరిచి) ఉంచాలి. నీడ పదును అక్కడే ఎక్కువ. చారలు ఇంకా పాలిపోతే తెల్లగోడల నుంచి తిరిగొచ్చే వెలుగే కారణం, నల్లగుడ్డ కట్టండి.

జవాబు 2: మాయలాడికి కీ లైటు (ముఖ్యమైన లైటు) కెమెరాకి సూటిగా పైన, ముక్కు కింద చిన్న నీడ పడేంత ఎత్తులో. ఆ నీడ పెదవిని తాకిందంటే లైటు మరీ పైకెళ్లినట్టే, కళ్లు గుంటలవుతాయి. 'షాంఘై ఎక్స్‌ప్రెస్' (1932)లో మార్లిన్ డీట్రిచ్ ముఖం చూడండి, ఛాయాగ్రాహకుడు లీ గార్మ్స్‌కి ఆస్కార్ తెచ్చిన పని అది. డిటెక్టివ్‌కి పక్కనుంచి ఒకే లైటు, ఫిల్ (నీడ పక్కను కాస్త వెలిగించే లైటు) మూడు స్టాపులు తక్కువ, అంటే వెలుగు మూడుసార్లు సగానికి తగ్గించి. విలన్‌కి గడ్డం కిందినుంచి వెలుగు ఒకటి రెండు షాట్లకే. సీనంతా పెడితే భయం పోయి నవ్వొస్తుంది.

జవాబు 3: దుస్తులు మోనోక్రోమ్ (నలుపు-తెలుపు) మానిటర్లో చూసి ఎంచుకోండి. ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగులో కలిసిపోవచ్చు. దుస్తులూ గోడా అలా కలిసినప్పుడు భుజాలమీద బ్యాక్‌లైటు (వెనకనుంచి వేసే లైటు) లేకపోతే మనిషి గోడలో కలిసిపోతాడు.