కంట్లో ఫంగస్‌కి ప్రెగ్నెన్సీ కిట్ లాంటి స్ట్రిప్ ఎందుకు లేదు?

వరిచేను:
నెల కిందట మా అమ్మ గడ్డిమోపు కడుతుంటే పరక కంట్లో గుచ్చుకుంది. కన్ను ఎర్రబడి నీరు కారుతోందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే చుక్కల మందిచ్చాడు. రెండ్రోజులు ఎరుపు తగ్గినట్టే తగ్గింది, పదో రోజుకల్లా నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. టౌన్లో కంటాసుపత్రికి తీసుకెళ్తే ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది, అది ఎరుపు తగ్గించినా ఫంగస్‌ని పెరగనిస్తుందన్నారు, పుండు మీద కాస్త గీకి స్లైడ్ చూసి గంటలో ఫంగస్ అని తేల్చేశారు. కోవిడ్‌కి ఇంట్లోనే స్ట్రిప్‌తో చూసుకున్నాం కదా, అలాంటిది పీహెచ్‌సీలో ఉంటే ఆ పది రోజులు పోయేవి కావు. ఎవరూ ఎందుకు చేయట్లేదు? డబ్బులు రావనా?

మైక్రో_పీజీ:
అసలు లేకపోలేదండి. క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌కి స్ట్రిప్ ఉంది, 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, వేలి నుంచి రక్తపు చుక్క తీసినా చాలు, పది నిమిషాల్లో గీత కనిపిస్తుంది. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంద కన్నా తగ్గినవాళ్లకు ఆ పరీక్ష చేయాలని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పింది. అది అంత బాగా పనిచేయడానికి కారణం ఆ ఫంగస్ తన పైతొడుగు పదార్థాన్ని రక్తంలోకి కుప్పలుగా వదలడమే. మీ అమ్మగారి విషయంలో ఆ సుఖం లేదు. నల్లగుడ్డు మీది పొరలో రక్తనాళాలే ఉండవు, కాబట్టి రక్తంలో వెతికితే ఏమీ దొరకదు, పుండు నుంచి గీకిన ఆ ఆవగింజంత నమూనాతోనే సరిపెట్టుకోవాలి.

ఇంకో చిక్కు, మన వైపు కంటి పుండ్లలో ఎక్కువగా కనిపించేవి ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రెండు రకాల ఫంగస్‌లు. తమిళనాడులో అరవింద్ కంటాసుపత్రి వాళ్లు ఆస్పర్‌జిల్లస్ స్ట్రిప్‌ని కంటి నమూనాల మీద పరీక్షించారు, కానీ ఒకదానికి చేసిన స్ట్రిప్ రెండోదాన్ని పట్టుకోదు.

పాత_ల్యాబ్_టెక్నీషియన్:
పీజీ గారూ, మొదటి రోజు ఏ ఫంగస్ అన్నది ఎవరికి కావాలండీ? రెండింటికీ ముందు వేసేది ఫంగస్ మందైన నాటామైసిన్ చుక్కలే. ఫంగసా బ్యాక్టీరియానా తేలితే చాలు, అది కేఓహెచ్‌తో తేలుతుంది. గీకింది స్లైడ్ మీద పెట్టి ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే మన కణాలు కరిగిపోతాయి, ఫంగస్ గోడ గట్టిది కాబట్టి దారాల్లా మిగులుతుంది. ఖర్చు కొన్ని రూపాయలే. కల్చర్ అయితే, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ని పెంచి చూడాలంటే, వారం పైనే పట్టొచ్చు. మా పీహెచ్‌సీలో మైక్రోస్కోప్ ఉంది, కఫం స్లైడ్లు దాంతోనే చూసేవాళ్లం, కానీ కేఓహెచ్ చూడటం మాకెవరూ నేర్పలేదు.

కోడ్‌కూలీ:
స్లైడ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి ఏఐకి చూపిస్తే అయిపోదా బ్రో?

మైక్రో_పీజీ:
స్లైడ్ దాకా వస్తే అవ్వొచ్చు. కన్ను గీకేదెవరు? దానికి మత్తుచుక్కలు, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే యంత్రం), చేయి తిరిగిన డాక్టరు కావాలి. నా దృష్టిలో అసలు కావలసింది గీకకుండా, కన్నీళ్లతోనో స్వాబ్‌తోనో ఫంగస్ ఉందో లేదో చెప్పే కిట్. ల్యాబ్ గారి మాటా ఒప్పుకుంటున్నా, ఏ జాతో చెప్పకపోయినా పర్లేదు.

వరిచేను:
థాంక్సండీ. గంటకోసారి అలారం పెట్టుకుని నాటామైసిన్ వేస్తున్నాం, మచ్చ అంచులు కొంచెం తగ్గాయన్నారు.

పాత_ల్యాబ్_టెక్నీషియన్:
మంచిది. ఆ పాత స్టెరాయిడ్ సీసా ఇంకా ఇంట్లో ఉంటే ఇవాళే పారేయండి, లేకపోతే రేపు పక్కింట్లో ఎవరికో కన్ను ఎర్రబడితే అమ్మే తీసి ఇచ్చేస్తుంది.