1927 స్నేహ బొమ్మల పోస్టుకార్డులు: ఇది స్నేహమా, ప్రచారమా?

ప్రశ్న: అమెరికా, జపాన్ 1927లో ఇచ్చిపుచ్చుకున్న బొమ్మల మీద వచ్చిన స్మారక పోస్టుకార్డులు చూస్తే నాకైతే కోపమే వస్తుంది. 1924లో జపనీయులు వలస రాకుండా చట్టం చేసి, మూడేళ్లకే పిల్లల పేరుతో బొమ్మలు పంపడమేంటి? 1941లో యుద్ధం రానే వచ్చింది. ఒట్టి ప్రచారం కాక ఇంకేంటి?

జవాబు: చట్టం చేసినవాళ్లు వేరు, బొమ్మలు పంపినవాళ్లు వేరండీ. బొమ్మలు పంపే పనికి ముందుండిన అమెరికన్ సిడ్నీ గులిక్ చాలా ఏళ్లు జపాన్‌లో పనిచేసిన మిషనరీ, ఆ చట్టాన్ని బహిరంగంగా వ్యతిరేకించిన మనిషి. పెద్దవాళ్ల మనసు మార్చలేకపోయాక పిల్లల వైపు తిరిగాడు. 12 వేలకు పైగా బొమ్మలు బుల్లి పాస్‌పోర్టులతో, పిల్లలు రాసిన ఉత్తరాలతో ఓడెక్కాయి. మార్చి 3న వచ్చే హినమత్సురి కోసం పంపారు, అది మన బొమ్మల కొలువులా మెట్ల మీద బొమ్మలు పేర్చే ఆడపిల్లల పండగ. జపాన్‌లో షిబుసావా ఎయిచి అనే పారిశ్రామికవేత్త ముందుండి స్వాగతం ఏర్పాట్లు చూశాడు. బడి పిల్లలు తలా కొంచెం వేసుకున్న డబ్బుతో, ఒక్కోటి 80 సెంటీమీటర్ల పైన ఎత్తున్న 58 బొమ్మల్ని పట్టు కిమోనోలతో చేయించి అదే ఏడాది అమెరికాకు పంపారు. ఇంతమంది పిల్లల చేయి పడ్డదాన్ని ఒట్టి ప్రచారం అని ఎలా తీసేస్తాం?

ప్రశ్న అడిగినవారు: మరి యుద్ధం మధ్యలో, 1943 ప్రాంతంలో, అమెరికా నుంచి వచ్చిన ఆ బొమ్మల్ని జపాన్ బడుల్లోనే తగలబెట్టారుగా?

జవాబు: తగలబెట్టారు, ఎక్కువ భాగం అలాగే పోయాయి. కానీ కొందరు టీచర్లు దాచేశారు, పట్టుబడితే దేశద్రోహి అనిపించుకునే రోజుల్లో! అలా 300కు పైగా బయటపడ్డాయి. పైవాళ్ల ప్రచారమే అయితే, పైవాళ్లే వద్దన్నాక ఎవరైనా ఎందుకు దాస్తారు చెప్పండి.

ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. కార్డు మీద నవ్వే బొమ్మ, 'మిస్' అని మొదలయ్యే పేరు తప్ప 1924 చట్టం ఊసే ఉండదు. అలాగని కార్డుల్ని పక్కన పడేయకండి. అమెరికాలో ఊరూరా తిప్పినప్పుడు జపాన్ బొమ్మల పేర్లు, పీటలు తారుమారయ్యాయి, ఏది ఏ బొమ్మో తేల్చాలంటే ఆనాటి ఫొటోలే దిక్కు. ప్రదర్శనలో పెట్టేవాళ్లు కార్డు పక్కనే ఆ చట్టం గురించి నాలుగు లైన్లు, కాల్చేసిన సంగతి నాలుగు లైన్లు రాసి పెట్టాలి, అప్పుడు చూసేవాళ్లే తేల్చుకుంటారు.